సద్దికి సవరణ

సాయంత్రం ఐదు గంటలు. అనంతపురం పాతూరులోని తిండి అంగళ్ల వీధిలో అప్పుడప్పుడే షట్టర్లు పైకి లేస్తున్నాయి. సంగటి హోటలు ముందు తెల్ల జీపు ఆగి ఉంది. హోటలు లోపల ఆహార తనిఖీ అధికారి మా పత్రిక ఆదివారం పేజీని మడత పెట్టి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఎదుట హోటలు నడిపే ఆవిడ. ఆవిడ వెనుక వెడల్పాటి తాంబాళాల్లో పరిచిన అన్నం. ఆవిడ ఫోన్ చేస్తే పరుగున వచ్చిన నేను ఇంకా గడప దగ్గరే ఉన్నాను.

అధికారి కోస్తా జిల్లా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. మాట మెత్తన. నన్ను చూసి మర్యాదగానే అడిగాడు.

"ఇది మీ పేపరే కదండీ? హెడ్డింగు మీరే పెట్టారటగా?"

నేనే పెట్టానన్నాను.

"చద్ది అంటే నిన్న మిగిలిన అన్నమే కదండీ? నేను అనుకుంటున్న అర్థం సరైనదేనా?"

ముప్పై రెండేళ్లు ఇతరుల తెలుగు దిద్దినవాడిని. నన్నెవరైనా మాటకు అర్థం అడిగితే ఆలోచించుకునే అలవాటు లేదు. నోటికొచ్చేస్తుంది.

"అవునండీ. చద్ది అంటే నిన్నటిదే" అన్నాను.

ఆయన చేతిలోని కాగితం మీద రాసుకున్నాడు. ఆవిడ నా వైపు తిరిగింది. కోపం కూడా లేదు ఆ ముఖంలో, నేను మాట పూర్తి చేస్తానని ఎదురుచూస్తున్నట్టుంది.

"అన్నా, పది దినాల కిందట ఈడనే కూచోని తింటివి గదా. అది నిన్నటిదా? ఉన్నది చెప్పు."

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను. ఈవిడ బోర్డు మీద ఉన్న మాట అది కాదని, మా వైపు ఆ మాటకు అర్థం వేరని, అచ్చులో పొరపాటు పడిందని. ఆయన విన్నాడు. తల కూడా ఊపాడు. "మీరు చెప్పేది అర్థమైందండీ. కానీ ఇప్పుడే నిన్నటిదని మీరే అన్నారు, రాసేశాను. అచ్చులో ఉన్నదీ అదే. సవరణ వేయించి తీసుకురండి, ఫైల్లో పెడతాను" అన్నాడు. తర్వాత తాంబాళంలోని అన్నం మీద వేలి వెనుక భాగం ఆనించి చూసి, "చల్లగా ఉంది" అని సహాయకుడితో చెప్పాడు. అతను అది కూడా రాసుకున్నాడు. నమూనాలు సీసాల్లోకి వెళ్లాయి. ఫలితం వచ్చేదాకా వంటగదికి తాళం పడింది.

అన్నం చల్లగా ఎందుకుందో చెప్పాలంటే నేను కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీరు చేసిన పెద్ద వార్త ఏది సార్ అని అడుగుతారు. కరువు బృందాల వెంట తిరిగినవి, చెనిక్కాయ పంట ఎండిన ఊళ్ల మీద రాయించినవి చెబుతాను. ఇది ఎప్పుడూ చెప్పలేదు. ఇది వార్త కాదు, ఒక శీర్షిక. మూడు మాటలు.

నేను పుట్టింది ముదిగుబ్బ దగ్గర పల్లెలో. మా నాయనకు గొర్రెలుండేవి. ఆయన మందను తోలుకుని పోయే రోజుల్లో మా అమ్మ చీకటితోనే లేచి వండి, అన్నం ఆరబోసి, చెనిక్కాయల పొడి వేసి గుడ్డలో కట్టి ఇచ్చేది. దాన్ని మేము సద్ది అంటాం. సద్ది కట్టడమంటే బయటికి పోయే మనిషికి దారిలో తినడానికి కట్టి ఇవ్వడం. నిన్నటి అన్నాన్ని సద్దికూడు అనే మాట మాకూ ఉంది. కానీ సద్ది కట్టినావా అని అడిగితే నిన్నటిది కట్టినావా అని ఎవరూ అనుకోరు.

నా మొదటి ఉద్యోగం కోస్తాలో, ఒక పత్రిక డెస్కులో. చేరిన వారంలోనే ఒక వార్తలో 'ఉంది' అనడానికి 'ఉండాది' అని రాసి దొరికిపోయాను. ఆ కాగితాన్ని మా సీనియర్ గోడకు అంటించాడు. అది పది రోజులు అక్కడే ఉంది. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ "ఏమప్పా, టీ ఉండాదా?" అని అడిగేవాళ్లు. చెడ్డవాళ్లేం కాదు, సరదా. కానీ నాకు భయం పట్టుకుంది. ఏడాది తిరిగేసరికి నా కాగితం మీద మా జిల్లా మనిషి రాశాడని ఎవరూ పట్టుకోలేనట్టు తయారయ్యాను. ఇంట్లో ఒక తెలుగు, ఆఫీసులో ఒక తెలుగు. చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు ఒకటి విడిచి ఇంకొకటిలోకి పోయేవాడిని.

తర్వాత అనంతపురానికి డెస్కు ఇన్‌చార్జిగా తిరిగి వచ్చాను. మండలాల నుంచి వచ్చే వార్తలన్నీ నా చేతి మీదుగా పోవాలి. వాటిని పంపే కంట్రిబ్యూటర్లు, అంటే ఊళ్లలోని విలేకరులు, రాసే కాగితాల్లో నా పాత భాషే ఉండేది. ఒక నోటు పుస్తకంలో ఎడమవైపు వాళ్ల మాట, కుడివైపు పత్రిక మాట రాసుకుంటూ పోయాను. యాడకి ఎక్కడ. చెనిక్కాయకి వేరుశనగ. నాయనకి తండ్రి. సద్దికి చద్ది. కంప్యూటర్లు వచ్చాక పేజీలు పెట్టే ఆపరేటరు ఆ పట్టికనంతా మిషనులోకి ఎక్కించాడు. పేజీ మూసే ముందు ఒక్క మీట నొక్కితే చాలు, ఎడమవైపు మాటలన్నీ కుడివైపు మాటలైపోతాయి. డెస్కులో అందరికీ పని తగ్గింది. హెడ్డాఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. రాయదుర్గం కంట్రిబ్యూటరు మాత్రం ఒకసారి నవ్వుతూ అన్నాడు, "సారు మా నోర్లు కడిగే మిషను పెట్టినాడు" అని. నేనూ నవ్వాను. నిజానికి ఆ మాట నాకు గొప్పగానే అనిపించింది.

నాకు రిటైర్మెంటు ఏడాదిలోకి వచ్చాక, జిల్లాలోని పాత వీధుల మీద వారం వారం ఒక పేజీ వేద్దామని పై నుంచి చెప్పారు. మొదటి వీధిగా పాతూరులోని ఈ వీధినే ఎంచుకున్నాం. రాయడానికి కొత్తగా చేరిన అమ్మాయిని పెట్టాను. విడపనకల్లు దగ్గరి ఊరు ఆమెది. మాటలో కన్నడం కలిసి ఉండేది. డెస్కులో నా ముందు జాగ్రత్తగా మాట్లాడేది కానీ వీధిలో పడితే ఎవరితోనైనా నిమిషంలో కలిసిపోయేది. ఒక సాయంత్రం ఇద్దరం వెళ్లాం. చాలా ఏళ్ల తర్వాత నేను డెస్కు వదిలి బయటికి వెళ్లడం అదే.

ఆ వీధి పొడవు మూడు నిమిషాల నడక. ఒకప్పుడు నూనె గానుగలు, చెనిక్కాయ మండీలు ఉండేవి. కాయ తోలుకొచ్చిన బండ్ల వాళ్లు రాత్రంతా ఇక్కడే తిని, ఇక్కడే పడుకునేవాళ్లు. వాళ్ల కోసం మొదలైన పూటకూళ్లు తర్వాత రెండో ఆట సినిమా చూసి వచ్చే వాళ్లతో నిలబడ్డాయి. సినిమా హాలు ఇప్పుడు పెళ్లి మండపం. గానుగలు పోయాయి. తిండి మాత్రం పోలేదు. బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జి అమ్మే అంగడి ముందు నిలబడే చోటు ఉండదు. ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసే ఇంట్లో పెనం చల్లారదు. సీకుల మీద కబాబు కాల్చే ముసలాయన బండి పక్కన బాదంపాల బండి, దాని పక్కన కిళ్లీ కొట్టు. మధ్యలో కొత్తగా రంగు దీపాల కేఫులు రెండు వచ్చాయి. కాలేజీ పిల్లలు తినేముందు ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు. ధర్మవరం నుంచి పట్టు చీరల వ్యాపారులు పని ముగించుకుని కార్లలో వచ్చి తినిపోతారు. పంటలు పూర్తిగా పోయిన ఏళ్లలో కూడా ఈ వీధిలో దీపాలు తగ్గలేదు. పొలంలో పని లేని వాళ్లు బెంగళూరు బస్సు ఎక్కడానికి ఊళ్లు విడిచి వచ్చేవాళ్లు. బస్సెక్కే ముందు తినే చివరి చోటు ఇది.

సంగటి హోటలు ఆవిడ బతుకంతా ఆ బస్సుల మీదే. ఆవిడకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక అత్త నడిపిన హోటలు చేతికి వచ్చింది. లోపల నాలుగు బల్లలు. రాగిసంగటి, కోడిపులుసు, ఊరుబిండి పచ్చడి. కానీ పేరు తెచ్చింది బల్లలు కాదు, కట్టి ఇచ్చే పొట్లాలు. గోడ మీద నీలం రంగుతో రాసిన బోర్డు ఉండేది. 'ఇచ్చట సద్ది కట్టి ఇవ్వబడును'. సాయంత్రం వండినది రాత్రి బస్సులకు, తెల్లవారుజామున వండినది రాయదుర్గానికి జీన్స్ కుట్టే పనికి పోయే ఆడవాళ్లకు, గాలిమరల దగ్గర పనికి పోయే వ్యాన్లకు. చిత్రాన్నం, పెరుగన్నం, రెండు జొన్నరొట్టెలు, పొడి. ఆకులో.

అమ్మాయి అడిగింది, అన్నాన్ని అంతసేపు తాంబాళాల్లో ఎందుకు పరిచి పెడతారని.

"వేడి మీద కడితే చెమ్మ పట్టి మధ్యాన్నానికి వాసనొస్తాది పాపా. బాగా ఆరాల. చెయ్యి పెడితే సల్లగుండాల. అప్పుడు కట్టినావంటే మర్సనాటి పొద్దుటికి గూడ ఏమీ కాదు. మా అత్త నన్ను కొట్టి నేర్పించింది ఇది ఒకటే."

నాకు ఒక పొట్లం విప్పి పెట్టింది. తిన్నాను. మా అమ్మ చేతి పొడి గుర్తొచ్చిందని చెప్పాను. ఆవిడ మురిసిపోలేదు. "అట్లనే అంటారు అందరూ. తిన్నంక ఎవరికైనా అమ్మనే గుర్తొస్తాది" అంది. ఇంటి యజమాని ఈ చోటును కేఫుకు అడుగుతున్నాడని, పేపర్లో నాలుగు మంచి మాటలు పడితే ఆయన కొన్నాళ్లు వెనక్కి తగ్గుతాడని కూడా ఆవిడే చెప్పింది. అంటే మా రాత మీద ఆవిడకు ఆశ ఉంది. అది తెలిసే రాశాం.

అమ్మాయి చక్కగా రాసింది. అందులో సద్ది అనే మాట ఆరేడు చోట్ల ఉంది. మీట నొక్కగానే ఆరేడు చోట్లా చద్ది అయింది. ప్రూఫు నా ముందుకు వచ్చింది. నాకు ఏ తేడా కనిపించలేదు. ముప్పై ఏళ్లుగా నా కళ్లు అలాగే చదువుతున్నాయి మరి. ఆపరేటరు శీర్షిక అడిగితే అప్పటికప్పుడు చెప్పాను: 'చద్దికి చిరునామా పాతవీధి'. పలకడానికి బాగుందనుకున్నాను. చ అక్షరం రెండు చోట్ల పడిందని సంతోషం కూడా.

ఇంటికి వెళ్లబోతున్న అమ్మాయి ప్రూఫు చూసి ఆగింది.

"సార్, మా ఊర్లో సద్ది అంటేనే తెలుస్తాది. చద్ది అంటే పాసిపోయినదేమో అనుకుంటారు సార్."

"పేపరుకు ఒక భాష ఉంటుందమ్మా. నీకూ అలవాటవుతుంది" అన్నాను. నన్ను గోడకు అంటించిన సీనియర్ కూడా సరిగ్గా ఇంత మెత్తగానే మాట్లాడేవాడు. అమ్మాయి ప్రూఫు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆరు నెలల ఉద్యోగం ఆమెది. నాది ముప్పై రెండేళ్లు.

ఆదివారం పేజీ వచ్చింది. సోమవారానికి ఆ శీర్షికను, దాని కింద ఒక వాక్యాన్ని ఎవరో ఫోన్లలో తిప్పారు. 'తెల్లవారుజామున బస్సెక్కే కూలీలు ఇక్కడ చద్ది కట్టించుకుంటారు'. దాని పైన వాళ్లు సొంతంగా రాసిన మాట: కూలీలంటే మిగిలినది కట్టి పంపుతున్నారా అని. కోపం న్యాయమైనదే. కారణం మాత్రం నేను. గాలిమరల వ్యాన్లు తోలే మేస్త్రీ ఆ పొద్దు పొట్లాలు వద్దన్నాడు. ఇంజనీర్లు అడుగుతున్నారక్కా, నాలుగు దినాలు పోనీ అన్నాడట. జీన్స్ కుట్టే ఆడవాళ్లకు ఆవిడ సంగతి తెలుసు కాబట్టి వాళ్లు మానలేదు. కానీ వాళ్ల సూపర్‌వైజరు ఆ పొట్లాలను లోపలికి రానివ్వనన్నాడు. మంగళవారం సాయంత్రం జీపు వచ్చింది. ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను. చల్లగా ఉండడమే ఆవిడ పనితనం. అదే ఆవిడ మీద ఆధారంగా కాగితం మీదికెక్కింది.

ఆ రాత్రే హెడ్డాఫీసుకు ఫోన్ చేసి సవరణ వేయాలన్నాను. అవతల ఉన్నాయన నాకు బాగా తెలిసినవాడే. నిఘంటువు తీసి చూశాడు. "రెండూ ఒకటే మాటండీ. సద్ది చూడుము చద్ది అని ఉంది. ఏం సవరించాలి?" అన్నాడు. మా వైపు అర్థం వేరని చెప్పాను. "మీ వైపు వేరైతే ముప్పై ఏళ్ల నుంచి మీరే ఎందుకు మారుస్తున్నారు?" అని అడిగాడు. వెక్కిరింపు కాదు, తెలియక అడిగాడు. సవరణ పడాల్సిందేనని మళ్లీ అడిగాను. చివరికి, రెండు పంక్తులైతే వేసుకోమన్నాడు.

బుధవారం కూర్చుని ఆ రెండు పంక్తులు రాశాను. 'ఆదివారం సంచికలో పాతవీధి కథనంలో చద్ది అని పడింది. దానిని సద్ది (అప్పటికప్పుడు వండి, ప్రయాణానికి కట్టి ఇచ్చే ఆహారం) అని చదువుకోగలరు.' రెండో పేజీలో కింద, పెట్టెలో పెట్టమని ఆపరేటరుకు ఇచ్చాను. రెండు పంక్తులే కదా అని పేజీ మూసేదాకా ఆగలేదు. మనవరాలి పుట్టినరోజు. ఏడు గంటలకే ఇంటికి వెళ్లిపోయాను.

తర్వాత ఒక ప్రకటన వచ్చిందట. చోటు చాలక బ్రాకెట్‌లో మాటలు తీసేశారు. అది మా డెస్కులో రోజూ జరిగే పనే. బ్రాకెట్‌లో ఉన్నది ముందు పోతుందని డెస్కుకు వచ్చే కొత్తవాళ్లకు నేర్పింది కూడా నేనే. ఆ తర్వాత, పేజీ మూసే ముందు, ఆపరేటరు ఎప్పటిలాగే మీట నొక్కాడు.

గురువారం అచ్చయింది ఇది: 'ఆదివారం సంచికలో పాతవీధి కథనంలో చద్ది అని పడింది. దానిని చద్ది అని చదువుకోగలరు.'

నేను చూసేసరికి ఎనిమిది దాటింది. ఆవిడకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. తర్వాత తెలిసింది. సవరణ గురువారం వస్తుందని ముందురోజు ఆవిడకు నేనే చెప్పాను. ఆవిడ తెల్లారగానే పేపరు కొని, మడత నలగకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, పది గంటలకల్లా ఆ అధికారి ఆఫీసు ముందు కూర్చుంది. చదువు రాని మనిషి కాదు. కూడబలుక్కుని చదువుతుంది. కానీ అన్న వేయించినాడు, ఇంక చదివేదేముంది అనుకుందట. అధికారి కవరు విప్పి పైకి చదివాడు. గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదట. ఇంకొకసారి చదివి, కవరులో పెట్టి ఆవిడకే ఇచ్చి, "ఇది ఫైల్లో పెడితే మీకే నష్టమమ్మా" అన్నాడట.

మళ్లీ హెడ్డాఫీసుకు ఫోన్ చేశాను. సవరణకు సవరణ వేసే ఆచారం మన పత్రికలో లేదన్నారు. అది నిజం. ఆ ఆచారాన్ని కొత్తవాళ్లకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. గట్టిగా పోట్లాడి ఉంటే వేసేవాళ్లేమో. రిటైర్మెంటుకు ఇంకా ఐదు నెలలుంది. పోతూ పోతూ రభస ఎందుకనిపించింది. ఇప్పుడు రాసుకుంటుంటే ఆ మాట నాకే చిన్నతనంగా ఉంది. కానీ ఆ రోజు అనిపించింది అదే.

అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. సొంతంగా ఒక ఉత్తరం రాసి, సద్ది అంటే ఏమిటో వివరించి, తన పేరుతో సంతకం చేసి ఆ ఆఫీసుకు తీసుకెళ్లి ఇచ్చింది. ఇచ్చే ముందు నన్ను కూడా సంతకం చేయమని అడిగింది. పత్రిక తరఫున అలా ఇవ్వడానికి అనుమతి కావాలన్నాను. "పత్రిక తరఫున గాదు సార్, మీ తరఫున" అంది. రేపు చూద్దామన్నాను. మరుసటి రోజు ఆమె మళ్లీ అడగలేదు.

వారం తర్వాత ధైర్యం చేసి ఆ వీధికి వెళ్లాను. కబాబు బండి ముసలాయన నన్ను చూసి సీకు తిప్పడం ఆపాడు.

"ఏం సాబ్, మా కబాబుకు గూడా మీ పేపర్లో వేరే అర్థముందా? ఉంటే ముందే చెప్పండి, బండి ఎత్తేస్తాం."

బాదంపాలు తాగుతున్న వాళ్లు నవ్వారు. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు.

ఆవిడ హోటలు ముందు అరుగు మీద కూర్చుని ఉంది. లోపల తాళం. తాంబాళాలు బయట గోడకు ఆనించి బోర్లించి ఉన్నాయి. పక్కనే ఇంటి యజమాని నిలబడ్డాడు. పాత నూనె వ్యాపారుల కుటుంబం, నెమ్మదస్తుడు. నన్ను చూసి, తనకు ఆవిడ మీద కోపమేమీ లేదప్పా అని చెప్పుకున్నాడు. పేపర్లో పడినాక, తాళం పడినాక, మంచి బేరం వచ్చినప్పుడు నేనేం చేయాల అన్నాడు.  ఆయన వెళ్లిపోయాడు.

నేను ఆవిడకు జరిగిందంతా విడమరిచి చెప్పాను. పట్టిక, మిషను, మీట, ప్రకటన, బ్రాకెట్‌లో మాటలు. రాసింది సరిగ్గానే రాశానని, అచ్చులో అలా పడిందని. ఆవిడ అంతా విని, కొంగుతో అరుగు మీది దుమ్ము తుడిచి, కూచోమంది. తర్వాత అడిగింది.

"పేపర్లో పడిందానికి మిషను అంటాండావు, సరే. ఆ పొద్దు ఆయప్ప నిన్ను అడిగితే నీ నోటితో చెప్తివి గదన్నా నిన్నటిదే అని. ఆడ యా మిషను ఉండాది?"

ఆవిడే మళ్లీ అంది.

"మీదీ మా పక్క ఊరే అంటివి. మీ అమ్మ కట్టేదంటివి. ఆయమ్మను గూడ అట్లనే అంటావా?"

అరవలేదు. అడిగిందంతే. తర్వాత మంచినీళ్లు తెప్పించి ఇచ్చింది. తాగాను. ఆ వీధిలో ఏ హోటలు ముందు కూర్చున్నా నీళ్లు ఇవ్వకుండా పంపరు. ఆ మర్యాదకు నేను అర్హుడినా అని ఆవిడ ఆలోచించినట్టు లేదు.

రెండో నెలలో ఆవిడ ఆ చోటు ఖాళీ చేసింది. ఇప్పుడక్కడ రంగు దీపాల కేఫు ఉంది. పోయిన నెల మనవరాలు పట్టుబడితే తీసుకెళ్లాను. గోడకు పల్లె బొమ్మలు వేశారు. ఒక మూల ఇసుర్రాయి అలంకారానికి పెట్టారు. పదార్థాల పట్టికలో 'విలేజ్ లంచ్ బాక్స్' అని ఒకటి ఉంది. ఏమిటని అడిగితే, చిత్రాన్నం, పెరుగన్నం, జొన్నరొట్టె, పొడి అన్నాడు కుర్రవాడు. మనవరాలు అది కావాలంది. తెప్పించాను. అన్నం వేడిగా ఉంది, ఆకులో చెమ్మ పట్టి ఉంది. పిల్ల బాగుందని తినింది. నేను ఒక ముద్ద తిని చాలనుకున్నాను.

అమ్మాయి మా పత్రిక విడిచి వేరే చోట చేరింది. కలిసినప్పుడు గౌరవంగానే మాట్లాడుతుంది. ఒకసారి అడిగాను, నా మీద కోపమా అని. "కోపమేం లేదు సార్. మీరు ఆ పొద్దు సంతకం పెట్టింటే బాగుండు అనుకుంటా అప్పుడప్పుడు" అంది.

పిల్లలూ, మీకు ఉపదేశం చేసే అర్హత నాకు లేదు. నా తరం వాళ్లం భాషను శుభ్రం చేస్తున్నామనే అనుకున్నాం. కొన్నిసార్లు నిజంగా అవసరం కూడా. ఒక జిల్లా మాట ఇంకొక జిల్లాకు అర్థం కావాలి కదా. కానీ ఏ మాటను మారిస్తే ఎవరి పొయ్యి ఆరుతుందో రాసుకోవడానికి నేను ఆ నోటు పుస్తకంలో మూడో గడి పెట్టుకోలేదు. ఇంకొక సంగతి. మాటకు అర్థం అడిగేవాడు ఎప్పుడూ మాటను గురించే అడగడు. ఎదుట ఉన్న మనిషిని గురించి అడుగుతాడు. నన్ను అడిగింది ఒకటి, నేను జవాబు చెప్పింది ఇంకొకటి. నా జవాబులో తప్పు లేదు. నిఘంటువు నా పక్షమే. అందుకే ఆ తప్పు దిద్దుకోవడానికి నాకు ఇన్నేళ్లయినా దారి దొరకలేదు.

ఆవిడ ఇప్పుడు ఊరి బయట, కళ్యాణదుర్గం రోడ్డులో కూతురి ఇంట్లో ఉంటోంది. గాలిమరల మేస్త్రీ నాలుగు దినాలు పోనీ అన్నవాడు నాలుగు నెలలకు తిరిగి వచ్చాడు. ఆ ఒక్క వ్యానుకు ఇంటి దగ్గరే కట్టి ఇస్తోంది. పాతూరు వీధి చివర, కిళ్లీ కొట్టు పక్కన చిన్న గది ఒకటి ఖాళీగా ఉంది. దాని యజమాని ఇస్తానన్నాడు. కొత్త లైసెన్సు కావాలి. కొత్త లైసెన్సు రావాలంటే పాత ఫైలు మూయాలి. పాత ఫైలు మూయాలంటే ఆ రోజు సీసాల్లో తీసుకుపోయిన అన్నం ఫలితం అందులో ఉండాలి. ఆ అధికారి బదిలీ మీద వెళ్లిపోయాడు. ఫలితం వచ్చిందని ఒకరంటారు, అసలు పంపనేలేదని ఇంకొకరంటారు. రిటైరైన మూడో నెలలో, ఇంక ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి, నా మాట వెనక్కి తీసుకుంటున్నానని సంతకం చేసి నేనూ ఒక కాగితం ఇచ్చాను. ఇన్వర్డు నంబరు వేశారు. ప్రతి నెలా మొదటి సోమవారం ఆవిడ ఆ ఆఫీసుకు వెళ్లి అడుగుతుంది. ఈ నెల కూడా వెళ్లింది. ఫైలు వెతుకుతున్నామన్నారు.